పది గుడ్డల లెక్క

పెద్దాసుపత్రి మెట్లెక్కిన రోజు పొద్దున్న కాండ్రేగుల నూకరాజు దగ్గరున్న సరుకు ఇదీ. లాభం, కుడి గజ్జలో ఆరేళ్ళుగా పెరుగుతూ నిమ్మకాయ నుంచి బత్తాయి దాకా వచ్చిన హెర్నియా. రెండు, బట్టల సంచి. మూడు, నాలుగు గిన్నెల క్యారేజీ. నాలుగు, ఆ క్యారేజీ పట్టుకున్న ఇంటామె బంగారమ్మ. ఐదు, డాక్టరు పురుషోత్తం గారి హస్తవాసి మీద నమ్మకం. ఆరు, బెల్లం మార్కెట్టులో నలభై ఏళ్ళు కాటా పక్కన నిలబడి గడించిన అనుమానం. ఆరున్నొక్కటి, కత్తంటే భయం.

కొలిచి బతికే ఇళ్ళలో మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఏడుని ఏడనరు, ఆరున్నొక్కటి అంటారు. నూకరాజు బెల్లం దిమ్మల్నే కాదు, పెళ్ళికొచ్చిన చుట్టాల్నీ, కొండ గుడి మెట్లనీ, బంగారమ్మ అలకల్నీ కూడా అలాగే లెక్కపెట్టేవాడు. కళ్ళు మూసుకున్నా లోపల లెక్క నడుస్తూనే ఉండేది.

పురుషోత్తం గారు నెల కిందట చూసినప్పుడు, "ముప్పావు గంట పని. పొద్దున్న కోత, సాయంత్రం నడక," అన్నారు. ఆ మాట అన్ననాటికి అది నిజమే. ఈ నెల రోజుల్లో ఆసుపత్రికి రక్షణ పట్టిక వచ్చింది.

పట్టిక అసలు మంచిదే. ఎక్కడో బుద్ధిమంతులైన డాక్టర్లు కూర్చుని ఒక్క కాగితం మీద పందొమ్మిది ప్రశ్నలు రాశారు. మనిషి ఆ మనిషేనా, కోసేది ఆ పక్కేనా, నెత్తురు తుడవడానికి వాడిన గాజ్ గుడ్డలన్నీ తిరిగొచ్చాయా అని ఆపరేషను గదిలో అందరూ పైకి చెప్పుకోవాలి. రెండు నిమిషాల పని. బెల్లం మార్కెట్టులో బండి కదిలే ముందు ఏ కళాసీ అయినా చేసేది అదే.

కానీ ఆసుపత్రి పరిపాలనాధికారి దామోదరం గారు ఆ కాగితాన్ని చూసి చిన్నబుచ్చుకున్నారు. 'సురక్షిత ఆసుపత్రి' పోటీలో జిల్లాకి మొదటి బహుమతి కొట్టాలని ఆయన ఆశ. ఒక్క పేజీకి బహుమతి ఎవరిస్తారు? ప్రతి విభాగాన్నీ తలో నాలుగు ప్రశ్నలు పంపమన్నారు. కరెంటు వాళ్ళు పంపారు, వంటగది వాళ్ళు పంపారు, తోటమాలి కూడా వేలిముద్ర వేసి మరీ పంపాడు. మొత్తం నలభై ఆరు పేజీలయింది. ఆ పట్టికకి నోడల్ అధికారిగా దామోదరం గారు తనను తానే నియమించుకున్నారు.

మొదటి పేజీ దగ్గరే చిక్కొచ్చింది.

"సదరు రోగి నామధేయమును రోగి స్వయముగా చెప్పినచో చెల్లదు. రోగి ఆందోళనలో ఉండును. రక్తసంబంధీకులు గాని, జీవిత భాగస్వామి గాని ధ్రువీకరించవలెను," అన్నారు దామోదరం గారు కలం తీసి. "అమ్మా, మీ భర్త గారి పేరు?"

బంగారమ్మ క్యారేజీ వైపు చూసింది. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళలో ఆవిడ మొగుడి పేరు నోటితో పలికింది లేదు. ఇప్పుడు ఆపరేషను పెట్టుకుని, ఆయుష్షు తక్కువయ్యే పని చేస్తుందా?

"నానెలా సెప్తాను బాబూ? ఆరు మా పెద్దోడి నాన్న."

"పేరమ్మా, పేరు."

"అదే సెప్తన్నాను కదేటి. పెద్దోడి నాన్న."

దామోదరం గారికి గడి నిండడం ముఖ్యం. నింపారు. పావుగంటలో నూకరాజు మణికట్టుకి ప్లాస్టిక్ పట్టీ పడింది. దాని మీద అచ్చులో, 'పెద్దోడి నాన్న, పురుషుడు, 58.'

"బాబూ, నా పేరు నూకరాజండి," అన్నాడు నూకరాజు.

"పట్టీలో అలా లేదే?"

"పట్టీ మీరు కట్టిందే కదండీ!"

"కట్టకముందు చెప్పాల్సింది. ఇప్పుడు మార్చాలంటే ముందు పెద్దోడి నాన్న గారిని డిశ్చార్జి చేసి, నూకరాజు గారిని కొత్తగా చేర్చుకోవాలి. మంచం ఖాళీ లేదు."

నూకరాజు ఆలోచించాడు. సరుకు మంచిదయితే బస్తా మీద ముద్ర ఏదయితేనేం? ఆ రోజు ఎవరు పేరడిగినా తడుముకోకుండా "పెద్దోడి నాన్న" అని చెబుతూ వచ్చాడు. ఆరుగురు అడిగారు.

తర్వాత బాణం. కోసే పక్కన మార్కరుతో గుర్తు పెట్టాలి. పురుషోత్తం గారు కుడి గజ్జ మీద బాణం గీశారు. అది సరిగ్గా ఉందని మత్తు డాక్టరమ్మ రెండో బాణం గీసింది. ఆ రెండూ చూసినట్టు రుజువుగా వార్డు నర్సు మూడోది, డ్యూటీ డాక్టరు నాలుగోది గీశారు. చివర్లో దామోదరం గారు కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఇది ఎవరి కుడి? నిలబడి చూస్తున్న నాకు ఇది ఎడమ కదా," అన్నారు.

బాణాలు గీసిన నలుగురూ ఎవరి కుడిచెయ్యి వాళ్ళు చూసుకున్నారు.

"అయ్యా, బత్తాయంత కాయ అక్కడే కనబడతంది. దాన్నడగండి," అన్నాడు నూకరాజు.

అయిదో బాణం పడ్డాకే బండి కదిలింది.

ఆపరేషను గదిలో వెన్నులోకి మత్తు సూది ఇచ్చింది డాక్టరమ్మ. "నడుం కింద ఏమీ తెలీదు. పైన మెలకువగానే ఉంటారు. రెండు గంటలు పనిచేస్తుంది," అంది. నూకరాజు గోడ గడియారం చూశాడు. తొమ్మిది నలభై. పదకొండు నలభై దాకా గడువు. ముప్పావు గంట పనికి రెండు గంటల గడువంటే బేరం బాగున్నట్టే.

ఛాతీ మీద అడ్డంగా ఆకుపచ్చ తెర కట్టారు. కడుపు కనిపించదు. కనిపించేవి రెండే. గడియారం, దాని పక్కన కొత్తగా కొన్న తెల్ల బోర్డు. గుడ్డల లెక్క ఆ బోర్డు మీద రాయాలని పట్టిక ఆజ్ఞ.

హెడ్ నర్సు ఎస్తేరు రాణి కట్ట విప్పి గుడ్డలు లెక్కపెట్టింది. నూకరాజు పెదాలు తమంతట తామే కదిలాయి. లాభం, రెండు, మూడు... ఆరున్నొక్కటి... పది. సరిపోయింది. సిస్టరు మార్కరు వెతకడానికి పక్కకి తిరిగింది. బోర్డు మీద నిన్నటి ఆపరేషను అంకెలు ఇంకా ఉన్నాయి. థియేటరు అటెండరు తౌడు, యాభై ఏళ్ళ మనిషి, వాటిని శుభ్రంగా తుడిచాడు. సిస్టరు వచ్చి పెద్దగా '10' అని రాసింది.

"ఇక కోద్దామా?" అన్నారు పురుషోత్తం గారు చేతి తొడుగులు వేసుకుని.

"కోత పూర్వ విరామం. ఇరవై మూడో పేజీ. హాజరైన వారందరూ నామధేయమును, బాధ్యతను ప్రకటించవలెను," అన్నారు దామోదరం గారు.

పదహారేళ్ళుగా ఆ నలుగురూ అదే గదిలో పనిచేస్తున్నారు. డాక్టరమ్మ చెప్పింది. ఎస్తేరు రాణి చెప్పి, "మా నాన్న సంతలో పశువుల దళారీ అండి," అని కూడా కలిపింది. తండ్రి వృత్తికి ఒక గడి ఉంది మరి. తౌడు నేల చూపులు చూశాడు.

"నానేటి సెప్తాను బాబూ, అందరికీ తెలిసిందే కదా."

"తెలిసినా ప్రకటించవలెను."

"తౌడండి."

"బాధ్యత?"

"ఎవులేటి సెప్తే అదండి," అన్నాడు.

ఆ జవాబు ఏ గడిలోనూ పట్టలేదు. దాన్ని మూడు గడుల్లో సర్దేసరికి పది గంటల ఐదు నిమిషాలయింది.

అక్కణ్ణుంచి విభాగాల ప్రశ్నలు. ఫ్యాను ఎటు తిరుగుతోంది? కిటికీలోంచి చెట్టు కనిపిస్తోందా, కనిపిస్తే ఏ చెట్టు? ఈ పూట ఉప్మాలో ఉప్పు సరిపోయిందా? పురుషోత్తం గారు, దొంగలు నిలబెట్టిన బాటసారిలా తొడుగు చేతులు రెండూ పైకెత్తుకుని, సరిపోయిందన్నారు. తినలేదని చెబితే రెండు పేజీలు ఎక్కువవుతాయని ఆయనకి తెలుసు.

"ప్రశ్న రెండు వందల ఎనిమిది. ఈ ప్రశ్నల మూలముగా చికిత్సకు ఆలస్యము కలుగుచున్నదా? కలుగుచున్నచో ఆలస్య పత్రము నింపవలెను."

"ఎంత పత్రం?" అని అడిగారు పురుషోత్తం గారు.

"పదకొండు పేజీలు."

"అయితే కలగడం లేదు."

కత్తి పడేసరికి పదీ యాభై. రెండు గంటల గడువులో గంటా పది నిమిషాలు కాగితం తినేసింది. నూకరాజు మనసులో లెక్కవేసుకున్నాడు. మిగిలింది యాభై నిమిషాలు. ముప్పావు గంట పోతే చేతిలో ఐదు. సన్నపాటి లాభమే కానీ నష్టం కాదు.

పురుషోత్తం గారి హస్తవాసి గురించి జనం అనుకునేది అబద్ధం కాదు. ఆరేళ్ళ హెర్నియాని ముప్పై ఐదు నిమిషాల్లో లోపలికి పంపి గండి పూడ్చేశారు. "గుడ్డలు లెక్క చూడు సిస్టరూ, మూసేద్దాం," అన్నారు.

ఎస్తేరు రాణి లెక్కపెట్టింది. తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టింది. తెర ఇవతల నూకరాజు కూడా చెవులతో లెక్కపెట్టాడు. తొమ్మిదే.

"ఓరి నాయనో," అన్నాడు నూకరాజు. "ఒకటి లోపలుండిపోనాది."

"రోగి మాట్లాడరాదు. ఈ దశలో రోగి వాంగ్మూలమునకు గడి లేదు," అన్నారు దామోదరం గారు.

పురుషోత్తం గారు గాయంలో వెతికారు. వేలితో వెతికారు, దీపం దించి వెతికారు. లేదు. పదకొండున్నర.

"ఎక్స్‌రే తీద్దాం," అంది డాక్టరమ్మ.

"దానికి రక్షణ పట్టిక వేరు. ఇరవై రెండు పేజీలు," అన్నారు దామోదరం గారు. "అయినను కంగారు పడవలసినది లేదు. నియమమేమి? లోపలికి పది, బయటికి పది. మనకు తక్కువైనది ఒకటి. తౌడూ, స్టోరు నుంచి ఒక గుడ్డ పట్రా."

తౌడు కొత్త గుడ్డ పొట్లం పట్టుకొచ్చాడు. సిస్టరు పొట్లం చింపి గుడ్డని ఆ తొమ్మిదింటి పక్కన పెట్టింది. దామోదరం గారు తృప్తిగా, "పది. ధ్రువీకరించనైనది," అన్నారు.

నూకరాజుకి పై సగం ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఈ కిటుకు అతనికి కొత్త కాదు. బస్తాలో రెండు దిమ్మలు తక్కువైతే పక్క బస్తాలోంచి తీసి, కాటా ముల్లు మధ్యకి రాగానే చేతులు దులుపుకోవడం మార్కెట్టులో ఎందరు చేయలేదు? తాను మాత్రం చేయలేదా? అప్పుడు తరుగు ఎవరి కడుపులోనో పోయింది. ఇప్పుడు గుడ్డ తన కడుపులో ఉంది.

"డాక్టరు బాబూ! కుట్టీకండి! నా తరుగు ఎక్కడికెళ్ళిందో తేలాల!" అని అరిచాడు.

"నేను కుట్టను పెద్దోడి నాన్న గారూ," అన్నారు పురుషోత్తం గారు. పాపం, ఆయనకీ ఆ పేరే అలవాటైపోయింది. "అది దొరికేదాకా కుట్టను. కానీ మత్తు దిగితే నేనేమీ చేయలేను."

గడియారం పదకొండు ముప్పై నాలుగు. నూకరాజు కళ్ళు దాని మీంచి పక్కకి జారాయి. తెల్ల బోర్డు. ఇందాక చూసినప్పుడు దాని మీద నిన్నటి అంకెలున్నాయి. ఇప్పుడు సిస్టరు రాసిన '10' తప్ప మచ్చ లేదు. మార్కెట్టులో పలక తుడిచేవాడు ఉమ్మి వేసి తువ్వాలుతో తుడుస్తాడు. ఇక్కడ ఉమ్మి లేదు, తువ్వాలూ లేదు.

"తౌడూ," అన్నాడు మెల్లగా. "ఆ బోర్డు దేంతో తుడిసినావురా బాబూ?"

అందరూ అతని వైపు తిరిగారు.

"డస్టరు ఇండెంటు పెట్టి మూడు నెల్లయింది, రాలేదండి," అన్నాడు తౌడు. "బల్ల చివర తెల్లగా కనబడింది..." అంటూ బోర్డు వెనక చెయ్యి పెట్టి, సిరా అంటి నల్లబడిన గుడ్డని బయటికి లాగాడు.

ఎస్తేరు రాణి శిలువ గుర్తు వేసుకుంది. పురుషోత్తం గారు సూది అందుకున్నారు. నూకరాజు, ఆరేళ్ళ తర్వాత మొదటిసారి, గజ్జ సంగతి మరిచిపోయి నవ్వాడు.

"ఆగవలెను," అన్నారు దామోదరం గారు. ఆయన గుడ్డలు లెక్కపెడుతున్నారు. "తొమ్మిది, స్టోరుది ఒకటి, ఇదొకటి. పదకొండు. లోపలికి వెళ్ళినవి పది. బయటికి వచ్చినవి పదకొండు!"

"స్టోరుది తీసెయ్యండి సార్," అన్నారు డాక్టరుగారు.

"ఎట్లు తీయగలను? ధ్రువీకరించి సంతకము చేసితిని. తక్కువైనచో రోగిలో మిగిలినట్టు. ఎక్కువైనచో రోగిలో ముందే ఉన్నట్టు. వేరు అర్థమునకు పట్టికలో తావు లేదు." ఆయన తెర మీంచి తొంగి చూశారు. "పెద్దోడి నాన్న గారూ, ఇదివరకు మీకు శస్త్రచికిత్స ఏదైనా జరిగినదా?"

"పన్నెండేళ్ళ కిందట అపెండిసైటిసండి. పక్క జిల్లాలో."

"అదిగో!" దామోదరం గారి మొహం వెలిగింది. "ఈ పదకొండవది వారిది. వారికి లేఖ రాయవలెను. వారు తమదేనని ఒప్పుకొని పట్టుకుపోవు వరకు, గుడ్డ దొరికిన స్థలమును యథాతథముగా ఉంచవలెను."

"దొరికిన స్థలం అంటే?" అంది డాక్టరమ్మ.

దామోదరం గారు గాయం వైపు చూపించారు. అక్కడే నిలబడి, పక్క జిల్లా ఆసుపత్రికి ఫోనులో లేఖ కొట్టి పంపేశారు కూడా.

పదకొండు ముప్పై తొమ్మిది. నూకరాజుకి ఎడమ కాలి బొటనవేలు ఉన్నట్టు తెలిసింది. రెండు గంటలుగా లేని వేలు. తర్వాత దాని పక్కది. సరుకు తిరిగి రావడం ఏనాడూ అతన్ని అంత భయపెట్టలేదు.

నలభై ఏళ్ళ మార్కెట్టు అతనికి ఒకటి నేర్పింది. పెద్దమనిషి తప్పు చేసినప్పుడు తప్పని చెప్పకూడదు, మరోసారి కొలవమనాలి.

"బాబూ," అన్నాడు, వినయం గొంతులో నింపుకుని. "తమరు సెప్పింది న్యాయం. పదకొండుంటే ఆల్లది ఆల్లకి ఎల్లాల. కానీ ఇది రెండు జిల్లాల గొడవ కదండీ. లేఖలో రాసిన లెక్క రేపు తప్పయితే మాట తమరికొస్తాది. నా ఎదర ఒక్కపాలి లెక్కెట్టించండి. సరుకు ఆసామి సూసినట్టుంటాది."

సాక్షి దొరుకుతాడంటే దామోదరం గారు కాదనరు. ఎస్తేరు రాణి పళ్ళెం తీసుకుని తెర ఇవతలికి, అతని తలాపు దగ్గరికి వచ్చింది. నూకరాజు కుడిచేతికి సెలైను ఉంది. ఎడమ చెయ్యి ఆకుపచ్చ దుప్పటి కింద ఖాళీగా ఉంది. ఆ చేత్తో దుప్పటి కిందనుంచే ఆమె వేళ్ళు పట్టుకుని, ఒక్క వేలిని నొక్కాడు.

పశువుల సంతలో తువ్వాలు కింద బేరం కుదిర్చేవాళ్ళు మాట్లాడరు. ఎంతో అన్ని వేళ్ళు నొక్కుకుంటారు. పక్కనున్నవాడికి తువ్వాలు తప్ప ఏమీ కనిపించదు. దళారీ కూతురు మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"లాభం," అని మొదలుపెట్టాడు నూకరాజు, గదంతా వినిపించేలా.

"అదేమిటి?" అన్నారు దామోదరం గారు కాగితంలోంచి తలెత్తకుండా.

"మొదటిదండి. మా ఇంటి అలవాటు. రెండు... మూడు..."

ఒక్కో గుడ్డ పళ్ళెంలోంచి గిన్నెలోకి పడుతోంది. ఆరున్నొక్కటి దగ్గర దుప్పటి కాస్త కదిలింది. నూకరాజు గుప్పిట్లోకి పొడిగా, మెత్తగా, మడత విప్పని స్టోరు గుడ్డ వచ్చి చేరింది.

"చెయ్యి గట్టిగా మూసుకో నాన్నా, సూది కదులుతుంది," అంది ఎస్తేరు రాణి. సూది అవతలి చేతికి ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

"...తొమ్మిది, పది. పదేనండి బాబూ."

దామోదరం గారు గిన్నెలో తాను స్వయంగా లెక్కపెట్టారు. పది. బోర్డు చూశారు. పది. ఆయనకు పట్టిక మీద అపారమైన గౌరవం కలిగింది. "చూచితిరా? ధ్రువీకరించగా ధ్రువీకరించగా సత్యము బయటపడును," అన్నారు.

చివరి కుట్టు నూకరాజుకి తెలిసింది. పళ్ళు బిగబట్టాడు కానీ గుప్పిట విప్పలేదు.

మూడో వారంలో అతను మార్కెట్టులో తన కొట్టు అరుగు మీద కూర్చుని లెక్క తేల్చుకున్నాడు. పోయినవి, హెర్నియా, కత్తి భయం. నిలిచినవి, క్యారేజీ, ఇంటామె, డాక్టరు గారి మీద నమ్మకం. పెరిగింది అనుమానం. కొత్తగా వచ్చినవి, కుట్లు ఆరున్నొక్కటి, ఎంత రుద్దినా పోని బాణాలు అయిదు, కాటా మీద పెడితే కిలోంబావు తూగిన ఆసుపత్రి ఫైలు, ఊళ్ళో కొందరు పిలవడం మొదలుపెట్టిన రెండో పేరు. ఆసుపత్రికి జిల్లా మొదటి బహుమతి వచ్చింది. ప్రశంసాపత్రంలో, సహకరించిన శ్రీ పెద్దోడి నాన్న గారికి కృతజ్ఞతలు తెలిపారు. బంగారమ్మ దాన్ని ఎదురింటావిడకి గట్టిగా, ఏ అడ్డూ లేకుండా చదివి వినిపించింది.

బెల్లం కోసం వచ్చిన తౌడు మిగతా కబుర్లు చెప్పాడు. డస్టరు ఇంకా రాలేదట. వచ్చేదాకా బోర్డు తుడవరాదని ఉత్తర్వు. ఖాళీ ఉన్నచోట రాస్తూ రాస్తూ బోర్డంతా నల్లబడిపోయిందట.

"ఇంకోటి నూకరాజుగారూ," అన్నాడు తౌడు. "దామోదరంగారు ఆ రోజు ఫోనులో లేఖ అంపీసినారు కదా, పక్క జిల్లాకి. జవాబొచ్చింది. ఆల్లకి కూడా పట్టికొచ్చిందంట. పాత రిజిస్టర్లు తిరగేసినారంట."

"ఏటన్నారు? మాది కాదన్నారా?"

"లేదండి. పన్నెండేళ్ళ కిందట ఆ రోజున ఆల్ల లెక్కలో ఒకటి తక్కువే ఉందంట. దొరికినందుకు శానా సంతోషం, ఎంటనే పంపగలరు అని రాసినారు."

తౌడు దిమ్మ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

నూకరాజు గల్లాపెట్టె అడుగున దాచిన తెల్లటి గుడ్డని బయటికి తీశాడు. మడత నలగలేదు. దాన్ని కాటా పళ్ళెంలో పెట్టాడు. ముల్లు కదల్లేదు.

"లాభం," అన్నాడు.

చెయ్యి మాత్రం చొక్కా కిందకి పోయి, పన్నెండేళ్ళ నాటి పాత మచ్చ మీద ఆగింది. మెల్లగా నొక్కి చూసుకున్నాడు.

"రెండు..."